జీవమణమ్మ కాయ

పాప తల చుట్టుకొలత తీయడానికి కొన్న టేపుతోనే నేను బూడిద గుమ్మడికాయను కూడా కొలిచేదాన్ని. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే ముందు మొదట మా రవళి తల, ఆ తరువాత మేడ మీదికెక్కి కాయ నడుము. దసరా సెలవుల నాటికి కాయ పాపను దాటిపోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. గుమ్మడికాయనూ మనిషి పిల్లనూ ఒకే గ్రాఫు మీద గీయకూడదని నాకు తెలుసు. తెలిసి కూడా గీశాను. మా ఆయన నేతన్ ఆ గ్రాఫు చాలాసేపు చూసి, "కాయకి టీకాలన్నీ వేయించావా?" అని అడిగాడు.

ఆ కాయ నాది కాదు. మా అమ్మమ్మ జీవమణిది. ఆమె ఆగస్టు చివర్లో వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనం చేసి, "జర నడుం వాలుస్త" అని పడుకుని మళ్ళీ లేవలేదు. అప్పటికి మేడ మీది తీగకు నిమ్మకాయంత పిందె ఒక్కటే ఉంది. నవంబరులో పంజగుట్టలోని మా చర్చిలో కోత పండుగ. ఆ రోజు ఎవరు పండించింది వాళ్ళు తెచ్చి ముందు బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చింది చర్చి పనులకు పోతుంది. ఏటా అమ్మమ్మ తన కాయను ఇచ్చేది. ఏటా మా తాతయ్య సాలమన్ వేలంలో పాడి, గెలిచి, ఆ కాయను ఇంటికి తెచ్చుకునేవాడు.

అంత్యక్రియలై చుట్టాలంతా వెళ్ళిపోయాక తాతయ్య నన్ను పిలిచాడు.

"ఆ పిందె నిలబడుతుందా అమ్మాయ్?"

"నిలబడుతుంది తాతయ్యా."

"అది ఇంటికి రావాలి," అన్నాడు. తరువాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రెండు నెలల పైచిలుకు కాలంలో ఆయన నాతో మాట్లాడిందల్లా ఆ కాయ గురించే. మోకాళ్ళ వల్ల మేడ ఎక్కలేడు. సాయంత్రం నేను దిగి వచ్చేసరికి గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడేవాడు. "ఎలా ఉంది?" అనేవాడు. "నిలకడగా ఉంది," అని నేను ఐసీయూ డాక్టరులా చెప్పేదాన్ని.

కాయ సంగతి తెలియాలంటే కోడి సంగతి తెలియాలి.

అమ్మమ్మది మెదక్ వైపు పల్లె. మిషన్ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. తాతయ్యది గుంటూరు వైపు. సనత్‌నగర్‌లో ఫ్యాన్లూ వాటి రెగ్యులేటర్లూ తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో స్టోర్ గుమాస్తా. ఇద్దరికీ తెలిసిన అయ్యగారు, అంటే పాస్టరుగారు, పెళ్ళి కుదిర్చారు. పెళ్ళయిన మొదటి ఏడు కోత పండుగకు ఇవ్వడానికి వాళ్ళకు పొలం లేదు, చెట్టు లేదు. అద్దె గది ముందు అమ్మమ్మ పెంచిన నల్ల కోడిపెట్ట మాత్రం ఉంది. ఆమె దాన్ని బుట్టలో పెట్టుకుని వెళ్ళి ఇచ్చేసింది.

మా చర్చిలో ఇప్పటికీ మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు. మధ్యలో నడవ, దానికి అటూ ఇటూ లావుపాటి స్తంభాలు. కోడి బల్ల మీదికి రాగానే మగవాళ్ళలో ఎవరో, "మసాలా మా ఇంట్లో సిద్ధంగా ఉందండీ," అన్నారు. అందరూ నవ్వారు. అమ్మమ్మ మాత్రం ఇచ్చేసిన కోడి కోసం తనే గట్టిగా పాట మొదలుపెట్టింది. స్తంభం అవతల తాతయ్య కూడా మొదలుపెట్టాడు. కొత్త పెళ్ళాం కోడి కోసం బెంగపడుతుందని ఆయన ఉద్దేశం. పెళ్ళయి కొన్ని వారాలే. ఇంట్లో అమ్మమ్మ అప్పటికింకా గుసగుసగానే మాట్లాడుతోంది. ఆ కంచు గొంతు తన భార్యదని ఆయనకు తెలిసే దారే లేదు. ఎవరో గయ్యాళి అనుకున్నాడు. అవతల గొంతు ఎవడో తిండిపోతుదని ఆమె అనుకుంది. ఇద్దరూ తగ్గలేదు.

చివరికి తాతయ్య గెలిచాడు. కోడిని చంకలో పెట్టుకుని బయటికి వచ్చి, "ఎవరో మొండి మనిషి తగిలింది జీవమణీ, ఎంతకీ వదల్లేదు," అన్నాడు.

"గా మొండి మనిషిని నేనే," అంది అమ్మమ్మ.

బస్సుకు చిల్లర కూడా మిగల్లేదు. ఇద్దరూ కోడిని మార్చి మార్చి ఎత్తుకుంటూ సనత్‌నగర్ దాకా నడిచి వెళ్ళారు. దారిలో అమ్మమ్మ ఒక ఒప్పందం చేసింది. ఇకమీదట ఇచ్చేది ఆమె, పాడేది ఆయన. వేలంలో ఆమె నోరు విప్పదు. ఆ మాట చివరి దాకా నిలబెట్టుకుంది. ఆమె జీవితంలో నోరు విప్పని చోటు అదొక్కటే.

తరువాత ఆమె కూడా అదే కార్ఖానాలో చేరింది. తయారైన రెగ్యులేటరును ఫ్యానుకు తగిలించి, ఒకటి నుంచి ఐదు దాకా తిప్పి చూడటం ఆమె పని. ఆ తిప్పడం ఆమె బుర్రలోకి ఎక్కింది. లోకంలో మనుషులందరినీ అలాగే చూసేది. "మీ తాత ఒకటి మీద తిరుగుతడు. గాలి రాదు, కరెంటు మాత్రం కాలుతది." అయ్యగారి ప్రసంగం మూడు మీద బాగుంటుందట, నాలుగు దాటితే జనం నిద్రపోతారట. నన్ను చిన్నప్పటి నుంచీ ఐదు అనేది.

మా అమ్మ మంజూష పుట్టాక, చంటిపిల్ల తల్లికి పనెలా ఇస్తామన్నాడు యజమాని. అమ్మమ్మ వాదించలేదు. మర్నాడు పిల్లను తెచ్చి నేరుగా ఆయన చేతుల్లో పెట్టింది. "మీరు జర ఎత్తుకొని కూసోండి సార్. నేను పని చేసుకొని వస్త," అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. పెద్దమనిషి పిల్లను కింద పెట్టలేడు, లేచి నిలబడలేడు, ఫోను ఎత్తలేడు. టీ వచ్చింది, చల్లారింది. పిల్ల ఆయన చొక్కా తడిపింది. మధ్యాహ్నానికి ఆయనే ఖాళీ ఫ్యాను అట్టపెట్టె ఒకటి తెప్పించి, పాత గుడ్డలు పరిపించి, అమ్మమ్మ బల్ల కింద పెట్టించాడు. మా అమ్మ పాకడం వచ్చే దాకా పెరిగింది ఆ పెట్టెలోనే. పెట్టె మీద 'ఐదేళ్ళ గ్యారంటీ' అని రాసి ఉండేదట.

ఆ గ్యారంటీ దాటాక కూడా అమ్మమ్మ ఆమెను వదల్లేదు. అమ్మ మాసబ్ ట్యాంక్ దగ్గర కాలేజీలో ఇంజనీరింగ్ డిప్లొమా చదివేది. ఆఖరి సంవత్సరం పరీక్ష నాడు బస్సుల బంద్. ఆటోలూ లేవు. కార్ఖానా నుంచి లక్డీకాపూల్ హోటలుకు ఫ్యాన్లు తీసుకెళ్ళే ట్రాలీ బయలుదేరుతుంటే, అమ్మమ్మ దానికి అడ్డం నిలబడి అమ్మను ఎక్కించింది. తనూ ఎక్కింది. ఫ్యాన్ల మధ్య అమ్మ పుస్తకం చదువుకుంటుంటే, రెక్కలు పిల్లకు గుచ్చుకోకుండా అమ్మమ్మ రెండు చేతులతో పట్టుకు కూర్చుంది. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్, "సామాను ఈ గేటు కాదు, వెనక గేటు," అన్నాడు.

"గీమె సామాను కాదు, పరీక్ష రాసేటామె," అంది అమ్మమ్మ. "సామాను లక్డీకాపూల్‌ల దిగుతది. గేటు తియ్యి."

అమ్మ ఇప్పుడు అదే లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఇంజనీరు. కింది ఉద్యోగులెవరైనా ఆలస్యంగా వచ్చి ట్రాఫిక్ అన్నారంటే అమ్మ వాళ్ళకు ఫ్యాన్ల కథ మొత్తం చెబుతుంది. అందుకని ఇప్పుడెవరూ ట్రాఫిక్ అనరు, కడుపునొప్పి అంటారు.

రిటైరయ్యాక అమ్మమ్మా తాతయ్యా అమీర్‌పేటలో, మెట్రో స్టేషను వెనక సందులో, ఈ అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. మేమూ అదే అంతస్తులో ఎదురింట్లో ఉంటున్నాం. మేడ మీద అమ్మమ్మ ఒక నీలం డ్రమ్మును సగానికి కోయించి మట్టి నింపింది. అప్పటికే ఆ మేడ భీమవరం నుంచి వచ్చిన కమలకుమారి గారి రాజ్యం. ఆవిడ ఏడాది పొడవునా అక్కడ ఏదో ఒకటి ఎండబెడుతూనే ఉంటుంది. అమ్మమ్మ మొదటి ఏడు పెట్టిన చిక్కుడు తీగ డిష్ యాంటెన్నా ఎక్కి, అక్కడి నుంచి కమలకుమారి గారి బట్టల తీగ మీదికి పాకింది.

"జీవమణి గారూ, మీ తీగ నా వడియాల మీద నీడ వేస్తోందండీ."

"నీడ నాది కాదమ్మా, సూర్యునిది. ఆయనతోని మాట్లాడుండ్రి."

ఇద్దరూ ఒక వేసవి మొత్తం మాట్లాడుకోలేదు. వర్షాకాలం మొదట్లో కమలకుమారి గారే కాగితం పొట్లంలో కొన్ని గింజలు తెచ్చింది. "ఎలాగూ ఏదో ఒకటి వేసి నా ప్రాణం తీస్తారు కదా. అదేదో బూడిద గుమ్మడి వేయండి. నాకు వడియాలకన్నా పనికొస్తుంది," అంది. అక్కడికక్కడే సంధి కుదిరింది. మొదటి కాయ చర్చికి. మిగిలినవన్నీ కమలకుమారి గారి వడియాలకు. గింజలు మాత్రం తిరిగి అమ్మమ్మకే ఇవ్వాలి.

మొదటిసారి ఆ కాయను చర్చిలో పెట్టినప్పుడు, వేలం వేసే సారయ్య తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, గిది ఇంటి ముంగట దిష్టికి కట్టేది గద?" అన్నాడు.

"కట్టేటోళ్ళు కడతరు. దేవుడు చేసిండు, నేను పెంచిన. నువ్వు పాట పెట్టు."

ఆయన పెట్టాడు. తాతయ్య గెలిచాడు. ఇంటికి వచ్చాక అమ్మమ్మ ఆయన్ను తిట్టింది. "ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలె గద. దేవుని దగ్గరికెళ్ళి మళ్ళ ఇంటికి మోసుకొస్తవేంది?" తాతయ్య కాయను టీవీ పక్కన పెట్టాడు. అమ్మమ్మ దాన్ని వారం పాటు కోయలేదు. వచ్చిన ప్రతి వాళ్ళకూ, "మీ అన్న కొన్నడు," అని చూపించింది. తరువాత ఏటా అదే తంతు. అదే కాయ, అదే గెలుపు, అదే తిట్టు, అదే టీవీ పక్క.

రవళి పుట్టాక అమ్మమ్మ రోజూ పొద్దున్నే మా ఇంటికి వచ్చి పాపకు స్నానం చేయించేది. నేను నీళ్ళలో థర్మామీటరు పెట్టి నిలబడేదాన్ని. పాప పాలు కక్కితే రంగు, చిక్కదనం, ఎంత దూరం వెళ్ళింది అన్నీ వివరంగా రాసి డాక్టరుకు మెసేజ్ పెట్టేదాన్ని. ఒకసారి ఆయన పొద్దున పదింటికి 'ఓకే అమ్మా, గుడ్‌నైట్' అని జవాబిచ్చాడు. అమ్మమ్మ అది నాతో పదేపదే చదివించుకుని, పాప కాళ్ళకు నూనె రాస్తూ నవ్వేది. "గీ బిడ్డ మంచిగనే ఉన్నది. గంత ఫికర్ ఎందుకే? తిరిగేది నువ్వు. జర రెండు మీద పెట్టుకో," అనేది.

ఈ ఏడాది ఆగస్టులో ఆమె మోకాళ్ళు కూడా మొరాయించాయి. మేడ మెట్ల మలుపు దాకా ఎక్కగలిగింది, అంతే. మా మేడ మీదికి తేనెటీగలు పెద్దగా రావు. మగపువ్వు కోసి ఆడపువ్వుకు అంటించడం ఆమె ఏటా తన చేత్తోనే చేసేది. దాన్ని పువ్వుల పెళ్ళి అనేది. ఆ పొద్దున ఆమె మెట్ల మలుపులో కూర్చుని నన్ను పైకి పంపింది. నేను గ్లౌజులు వేసుకున్నాను. పాప చెవులకు వాడే దూది పుల్ల తీసుకున్నాను.

"ఏం చేస్తున్నవే?" కింది నుంచి కేక.

"పుప్పొడి తీస్తున్నా అమ్మమ్మా."

"ఆపరేషన్ కాదే, పెళ్ళి. పుల్ల పారెయ్యి. పువ్వును పువ్వుకు అంటియ్యి."

అంటించాను. ఆ రోజుకు విచ్చుకున్న ఆడపువ్వు అదొక్కటే. కిందికి వచ్చాక ఆమె నా చేతులు వాసన చూసి, "పెళ్ళిపెద్దవు నువ్వే. ఇగ చూసుకో," అంది. అది నిలబడి పిందె అయింది. ఆమె వెళ్ళిపోయింది. తరువాత వచ్చిన పువ్వులన్నీ వానలకు రాలిపోయాయి.

అందుకే టేపు, అందుకే గ్రాఫు. కాయ బరువుకు తీగ తెగకుండా రవళి ఊయల గుడ్డతో దాన్ని యాంటెన్నా కడ్డీకి వేలాడదీశాను. ఒక రోజు లిఫ్టులో నోటీసు కనిపించింది. మేడకు నీళ్ళు కారకుండా పూత వేయిస్తున్నారట, పైనున్న డ్రమ్ములూ కుండీలూ ఆదివారంలోగా తీసేయాలట. అపార్ట్‌మెంట్ సెక్రటరీ కమలకుమారి గారి భర్త చక్రపాణి గారే. పాపను ఎత్తుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ లోపలికి చూసి, "ఏవండీ, ఆ తీగ మీద చెయ్యి పడిందంటే ఈ ఏడాది మీ పప్పుచారులోకి వడియాలు ఉండవు," అంది. పూత డిసెంబరుకు వాయిదా పడింది. ఆవిడ నన్ను గుమ్మం దాకా సాగనంపింది.

"ఒక్కటే కాయంటగా అమ్మా?"

"ఒక్కటే ఆంటీ. మొదటిది కదా, చర్చికి..."

"తెలుసులే. ఒప్పందం ఒప్పందమే. నేనే వచ్చి పాడుకుంటాను," అంది.

ఇది నాకు కొత్త బెంగ. తాతయ్యకు చెవులు బాగా మందగించాయి. చెవి మిషను పెట్టుకుంటే చర్చి మైకుకు అది ఈల వేస్తుంది, అందుకని తీసి జేబులో పెట్టుకుంటాడు. సారయ్య తాత ఒకటోసారి, రెండోసారి అంటుంటే ఈయనకు వినపడకపోతే కాయ భీమవరం చారులోకి పోతుంది. నేతన్ ఒక పథకం వేశాడు. తను తాతయ్య పక్కన కూర్చుంటాడు. పాట తమ దాకా రాగానే ఆయన మోకాలు తడతాడు, ఆయన కర్ర ఎత్తుతాడు. "నువ్వు మాత్రం నోరు విప్పకు, చెయ్యి ఎత్తకు. నీకు ఐదు ఎక్కిందంటే ఆపడం ఎవరి వల్లా కాదు," అన్నాడు. సరేనన్నాను.

పండుగ నాడు కాయను తొడిమతో సహా కోసి, పైనున్న బూడిద చెరగకుండా పాప తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. తాతయ్య నా పక్కన. రవళిని ఎత్తుకుని నేతన్ ముందు సీట్లో, డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. మెట్రో స్తంభాల కింద ఆటో ఎగిరినప్పుడల్లా నేను మూటను గట్టిగా పొదువుకుంటున్నాను. డ్రైవరు అద్దంలో చూశాడు.

"అక్కా, గా పాప జర బరువున్నట్టుంది."

"పాప కాదన్నా. గుమ్మడికాయ."

"దిష్టికా?"

"చర్చికి."

పంజగుట్ట దాకా అతను రోడ్డు కన్నా అద్దమే ఎక్కువ చూశాడు.

ఆరాధన అయ్యాక వేలం మొదలైంది. వస్తువులు ఒక్కొక్కటే సారయ్య తాతకు అందించే పని మా అమ్మది. నేను అమ్మమ్మ ఎప్పుడూ కూర్చునే చోట, స్తంభం పక్కన కూర్చున్నాను. రెండో వరసలో కమలకుమారి గారు పట్టుచీరలో పెళ్ళికి వచ్చినట్టు కూర్చుంది. అరటిగెల పోయింది, గుడ్ల అట్ట పోయింది, ఎవరో బాల్కనీలో పెంచిన పుదీనా కట్ట నవ్వుల మధ్య పోయింది. అప్పుడు అమ్మ మా కాయను రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. సారయ్య తాత గొంతు సవరించుకున్నాడు.

"జీవమణమ్మ కాయ," అన్నాడు.

 కమలకుమారి గారు పాట మొదలుపెట్టింది. సారయ్య తాత మగవాళ్ళ వైపు చూశాడు. అటు ఉలుకూ పలుకూ లేదు. నేను స్తంభం పక్కగా మెడ చాచాను. తాతయ్య తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన నేతన్ లేడు. పాప ఏడ్చిందని వెనక వరండాలోకి తీసుకెళ్ళాడన్న సంగతి నాకు తెలియదు.

"ఒకటోసారి," అన్నాడు సారయ్య తాత. కాస్త ఆగాడు. "రెండోసారి."

నా చెయ్యి దానంతటదే లేచింది.

"ఆడోళ్ళ దిక్కు పెరిగింది," అన్నాడాయన. వెంటనే తల తిప్పి, "మొగోళ్ళ దిక్కు సుత పెరిగింది," అన్నాడు.

ఎవరది? స్తంభం అడ్డం. ఆ మనిషి నోరు విప్పడం లేదు, చెయ్యి ఎత్తుతున్నాడంతే. బూడిద గుమ్మడితో హల్వా చేసే ఎవడో మిఠాయి దుకాణం వాడై ఉంటాడు. వాడి కడాయిలో అమ్మమ్మ కాయ ఉడుకుతున్నట్టు కనిపించింది నాకు. మళ్ళీ చెయ్యి ఎత్తాను. అటు కూడా లేచింది. కమలకుమారి గారు తను ఆపేసి, వెనక్కి తిరిగి ఒకసారి నన్ను, ఒకసారి మగవాళ్ళ వెనక వైపు చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది. బల్ల దగ్గర మా అమ్మ మెట్టు మీద చతికిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఏడుస్తోందనుకున్నాను. ఇంకా పట్టుదల వచ్చింది.

"అమ్మా, ఇంకా పెంచుతవా? ఆయన మస్తు మొండిగున్నడు," అన్నాడు సారయ్య తాత ముఖం కదపకుండా.

"పెంచుతా."

ఏ అంకె దగ్గరికి వెళ్ళామో ఇక్కడ చెప్పను. జనం తలలు ఇటూ అటూ తిరుగుతున్నాయి. అది చూసి తాతయ్య తల ఎత్తాడు. వెనక్కి తిరిగాడు. వెనక తలుపు దగ్గర, భుజం మీద నిద్రపోయిన రవళి, గాల్లో ఒక చెయ్యి, నేతన్. పాప లేస్తుందని నోరు విప్పలేక చెయ్యి ఎత్తుతున్నది అతనే. నాకు నోరు విప్పవద్దని చెప్పాడు కాబట్టి, ఆడవాళ్ళ వైపు పాడేది కమలకుమారి గారేననుకున్నాడు. తాతయ్య కర్ర ఊతంతో లేచి నడవలోకి వచ్చాడు. ఇటు తిరిగాడు. జీవమణి కూర్చునే చోట, చెయ్యి ఎత్తి, ఎర్రబడ్డ ముఖంతో నేను.

ముందు ఆయన భుజాలు కదిలాయి. తరువాత కర్ర కదిలింది. ఆగస్టు తరువాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"సారయ్యా, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే కాయకి పాడుతున్నారయ్యా."

"నాకెర్కే అన్నా. మంచిగొస్తుంటే ఎందుకాపాలె?"

చర్చి పైకప్పు లేచిపోయేట్టు నవ్వారు. నేను బెంచీ మీద కూలబడ్డాను. అటు నుంచి నేతన్ గొంతు, "నువ్వా?" అని వినిపించింది. పాప లేచి ఏడుపు అందుకుంది. ఆ గోలలోనే తాతయ్య మా ఇద్దరి మీదా పెంచి, "నాది," అన్నాడు. ఇంకెవరూ పాడలేదు. సారయ్య తాత మూడుసార్లూ చెప్పి కాయను ఆయన చేతిలో పెట్టాడు. కోటు నిండా బూడిద అంటింది. హమ్మయ్య, ఇంటికి వస్తుంది అనుకున్నాను.

తాతయ్య కాయను కాసేపు పట్టుకుని నిలబడి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"మళ్ళీ పాట పెట్టు సారయ్యా."

"ఏంది అన్నా? గెలిచినవ్ గద."

"ఇచ్చిందాన్ని ఇంటికి మోసుకొస్తానని ఏటా తిట్టేది. ఈసారి ఇచ్చినట్టే ఉండనీ." కాస్త ఆగి, "ఎవరి కాయో చెప్పి పాట పెట్టు," అన్నాడు.

"జీవమణమ్మ కాయ," అన్నాడు సారయ్య తాత.

"వినపడలేదు."

సారయ్య తాత ఆయన ముఖంలోకి చూశాడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు. "జీవమణమ్మ కాయ," అన్నాడు, బయట రోడ్డు మీది వాళ్ళకు కూడా వినపడేట్టు.

ఆ తరువాత ఆ కాయ ఎన్నిసార్లు చేతులు మారిందో ఎవరూ లెక్క పెట్టలేదు. గాయకబృందం కుర్రాళ్ళు కలిసి గెలిచి తిరిగి బల్ల మీద పెట్టారు. అయ్యగారు గెలిచి పెట్టారు. మా అమ్మ కూడా పాడింది. ప్రతిసారీ సారయ్య తాత పేరు చెప్పడం, తాతయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టి, "వినపడలేదు," అనడం. ఒకసారి చర్చి మొత్తం కలిసి ఆయనకు ఆ పేరు వినిపించింది. అప్పుడు కూడా సరిగా వినపడలేదనే అన్నాడు.

చివరికి కమలకుమారి గారు గెలిచింది. వెళ్ళి కాయను చంకన పెట్టుకుంది. "మీరంతా తిరిగి ఇచ్చారు, సంతోషం. నేను ఇవ్వనండీ. నాకు వడియాలు కావాలి," అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

మెట్లు దిగుతుంటే తాతయ్య ఆవిడను ఆపాడు.

"కాయ మీదేనండి కమలకుమారి గారూ. గింజలు మాత్రం..."

"మీవే. ఆ సంగతి ఆవిడ నాకు ఏటా చెబుతూనే ఉండేదిలెండి."

మర్నాడు నేతన్, చక్రపాణి గారు చెరో రెక్కా పట్టుకుని తాతయ్యను మేడ ఎక్కించారు. బూడిద గుమ్మడిని ముందు మగవాళ్ళే కొట్టాలని కమలకుమారి గారి ఆచారం. తాతయ్య కత్తి ఎత్తి కొట్టాడు. కాయ రెండుగా విచ్చింది. ఆవిడ ముక్కలు తరుగుతుంటే, ఆయన చాప మీద కూర్చుని గింజలు వేరు చేసి కాగితం మీద ఆరబెట్టసాగాడు. రవళిని పక్కన కూర్చోబెట్టాను. తడి గుజ్జులో చెయ్యి పెట్టింది. పోనీలే అనుకున్నాను. ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంది. నాకు ఐదు ఎక్కింది. పరుగున వెళ్ళి, నోట్లో వేలు పెట్టి, గింజ బయటికి తీశాను. పాప పళ్ళు లేని చిగుళ్ళతో నవ్వింది.

తాతయ్య చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు అమ్మాయ్. జూన్‌లో ముందు దాన్నే పెడదాం."